గోడవైపు తిరిగి పెట్టిన పదును

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ పైడమ్మ జంషెడ్‌పూర్ కద్మాలో కనిపించిన వాళ్లందరికీ చెబుతుంది. అది నిజం కాదు. ముక్కు మీద కూర్చునేంత ఓపిక నా కోపానికి లేదు, పుట్టగానే నోట్లోంచి బయటపడుతుంది. మొన్న ఆగస్టులో శ్వేత నా చేతిలో ఆ కాగితం పెట్టినప్పుడు కూడా అదే జరిగింది.

శ్వేత మా వీధి పిల్ల. వాళ్ల నాన్న తవిటయ్య కాంట్రాక్టు పనిలో వెల్డరు. మాదీ వాళ్లదీ టెక్కలి వైపు. ఐటీఐ పాసై ఇంట్లో కూర్చున్న పిల్లని ఆరేళ్ల కిందట నేనే గమ్హరియా తీసుకెళ్లి సత్యప్రసాద్ బాబు ఫ్యాక్టరీలో చేర్పించాను. నేను అంతకుముందు ముప్పై ఎనిమిదేళ్లు ఒక మిషన్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరై, ఆ ఫ్యాక్టరీలో స్క్రేపింగ్ పనికి పెద్ద మేస్త్రీగా ఉన్నాను. రోజూ పొద్దున్న ఆమె స్కూటీ వెనక కూర్చుని ఖర్కాయ్ నది వంతెన దాటి పనికి వెళ్తాను. ఆ రోజు ఫ్యాక్టరీ గేటు ముందు స్కూటీకి స్టాండు వేసి, బ్యాగులోంచి కాగితం తీసి ఇచ్చింది.

"ఏటిది?" అన్నాను.

"ఆఫర్ లెటర్ మావయ్య. జర్మనీ సే. గ్రైండింగ్ మిషన్లు చేత్తారు. అక్టోబర్ ఫస్టున చేరాలి, స్క్రేపింగ్ సెక్షన్‌లోనే." ఆమెకి సంతోషం వస్తే సగం హిందీ, సగం తెలుగు వస్తాయి.

"నిన్ను నాను తయారు సేసింది ఆళ్లకి అప్పజెప్పడానికా?" అని అరిచాను. వాచ్‌మన్ టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చి చూశాడు. ఇంకా చాలా అన్నాను. ఇక నీ స్కూటీ ఎక్కనని కూడా అన్నాను. మర్నాడు రెండు ఆటోలు మారి, చెమటలు కక్కుకుంటూ అరగంట ఆలస్యంగా పనికి చేరాను. ఆ మర్నాడు ఆమె మా గుమ్మం ముందు హారన్ కొడితే ఎక్కి కూర్చున్నాను.

నా కోపం ఎందుకో తెలియాలంటే మా పని తెలియాలి. ఇనుముని నున్నగా అరగదీసే గ్రైండింగ్ మిషన్‌కి కింద బరువైన బెడ్ ఉంటుంది. దాని మీద టేబులు ముందుకీ వెనక్కీ జారడానికి రెండు దారులుంటాయి. ఆ దారులు ఎంత తిన్నగా ఉంటే మిషన్ అంత నిఖార్సుగా పనిచేస్తుంది. ఎంత మంచి మిషన్ మీద కోసుకొచ్చినా ఆఖరి తిన్నదనం మాత్రం మనిషి చేత్తో రావలసిందే. తిన్నని ఇనప రూలుకి నీలం పేస్టు పలచగా రాసి దారి మీద రుద్దితే, ఎత్తుగా ఉన్న చోట నీలం అంటుకుంటుంది. అంటుకున్న చోట స్క్రేపర్‌తో రవ్వంత గీకాలి. స్క్రేపర్ అంటే పొడుగు పిడి ఉన్న ఉలి, పిడిని తుంటికి ఆనించి ఒంటితో తోస్తాం. మళ్లీ నీలం, మళ్లీ గీకడం. చదరపు అంగుళానికి ఇరవై నీలం చుక్కలు సమంగా వచ్చేదాకా అదే పని. తలవెంట్రుకని ఇరవై పోగులుగా చీలిస్తే అందులో ఒక పోగంత తేడా కూడా ఉండకూడదు.

ఇందులో అసలు గుట్టు ఆ స్క్రేపర్ బ్లేడుకి పెట్టే పదునులో ఉంది. మొన ఎంత వాలుండాలి, అంచు ఎంత వంపు తిరగాలి అన్నది తప్పితే బ్లేడు గీకడం మాని గీతలు పెడుతుంది. నా గురువు ఆరోగ్యస్వామి గారు బ్లేడుకి పదును పెట్టాలంటే గోడవైపు తిరిగేవారు. మూడేళ్లు ఆయన వీపు చూశాను. నాలుగో ఏట దగ్గరికి పిలిచి చూపించి, ఒక్కడికి తప్ప చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు. తరవాత మా షాపులో మనుషుల్ని తగ్గించిన సంవత్సరం మా బెంచీ నుంచి పదకొండుమందిని ఇంటికి పంపి నన్ను ఉంచారు. పదును నాకొక్కడికే వచ్చు కాబట్టి ఉంచారు. ఆ పదకొండుమంది పిల్లల పేర్లు కూడా నాకు తెలుసు. అప్పటి భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అందుకే గమ్హరియాలో కూడా పదును పెట్టే చక్రాన్ని బీరువా వెనక మూలలో బిగించుకున్నాను. ఆ ఒక్కరూ శ్వేత అనుకున్నాక ఆమెకి చూపించి, స్క్రేపర్ మీద చెయ్యి వేయించి, "మావయ్య మీద ఒట్టు, ఎవలికీ సెప్పను" అనిపించాను. అప్పుడు ఇరవై రెండేళ్ల పిల్ల నవ్వుకుంటూ ఒట్టు వేసింది.

మా సెక్షన్‌లో అమర్ అని ఇంకొకడు ఉన్నాడు. జుగ్సలాయిలో ఉంటాడు, మన తెలుగువాడే. తెలుగులో తిడితే బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతాడు. మూడేళ్లుగా స్క్రేపింగ్ నేర్చుకుంటానని వెంటపడుతున్నాడు. వాడి బ్లేడుకి వాడే తనకి తోచినట్టు పదును పెట్టుకుంటాడు. ఇనుము మీద గీతలు పడతాయి. "నీ చేతులు గడ్డపారకి పనికొత్తాయిరా, దీనికి పనికిరావు" అని నేను పదిమందిలో అనేవాణ్ణి. తప్పు వాడి చేతుల్లో లేదని, బ్లేడులో ఉందని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఇక మేం చేస్తున్న మిషన్ సంగతి. మిషన్లు చేసే మిషన్లు కూడా మన దేశంలోనే తయారవ్వాలని కేంద్రం ఒక పథకం పెట్టింది. సత్యప్రసాద్ బాబు దానికి దరఖాస్తు చేశాడు. మా మొదటి గ్రైండరు బెడ్ పరీక్షలో నెగ్గితే పది మిషన్ల ఆర్డరు వస్తుంది. నెగ్గకపోతే మా సెక్షన్ మూసేసి, మళ్లీ లారీల విడిభాగాలు కోసుకుంటూ కూర్చోవడమే. పరీక్షకి ఢిల్లీ నుంచి మనుషులు సెప్టెంబరు ఇరవై రెండున, సోమవారం వస్తామన్నారు. ముందుగా పంపిన ఫారంలో పద్నాలుగో ప్రశ్న దగ్గర సత్యప్రసాద్ బాబు ఆగిపోయాడు.

"ఈ పని తెలిసినోళ్లు మీ దగ్గర ఎంతమంది అని అడుగుతన్నారు భీమారావు గారూ," అన్నాడు నన్ను తన గదిలో కూర్చోబెట్టి. "మీ పేరు రాద్దామంటే మీ కంటికి ఆపరేషన్ అయింది, భుజం లేవదు. శ్వేత ఒక్కర్తే మిగిలింది. ఆ ఒక్కర్తీ ఎల్లిపోతానంటంది. మీరు మాటాడితే ఆగుద్దేమో."

మాట్లాడాను. వంతెన మీద ట్రాఫిక్ ఆగినప్పుడు ఆమె హెల్మెట్ వెనక నుంచి మాట్లాడాను. మన ప్రభుత్వం తీరు కూడా చెప్పాను. ఒక ఆఫీసు, మిషన్లు ఇక్కడే చెయ్యండి, పనివాళ్లని నిలుపుకోండి అని ఫారాలు పంపుతుంది. ఇంకో ఆఫీసు సాయంత్రం పూట ఐటీఐలో జర్మన్ క్లాసులు పెట్టి, నేర్చుకున్న వాళ్లని దగ్గరుండి విమానం ఎక్కిస్తుంది. రెండు కాగితాల మీదా మూడు సింహాల ముద్రే ఉంటుంది. ఆ రెండు ఆఫీసుల వాళ్లకీ మాటల్లేవేమో అన్నాను.

శ్వేత నవ్వింది. "మావయ్య, అక్కడ పన్నెండు మీటర్ల బెడ్డు చేత్తారంట. గది మొత్తం ఇరవై డిగ్రీల్లో ఉంటాదంట, ఎండాకాలం చలికాలం ఒకటే. ముఝే దేఖ్‌నా హై, నా కళ్లతో చూడాలి. ఒక్కసారి నా చేత్తో అలాటి బెడ్డు గీకాలి."

"ఇక్కడ సెయ్యకూడదేటి?"

"ఇక్కడ ఎవలు చేత్తన్నారు మావయ్య, చెప్పండి."

సిగ్నల్ పడింది.

ఇంట్లో పైడమ్మ కూడా ఆమె పక్షమే. "గుంట ఎల్తానంటే ఎల్లనియ్యి. నీకేటి నొప్పి? నీ ఇద్దె ఎవలికీ సెప్పకుండా బీరువా ఎనకాల దాసీసి, ఇప్పుడు అది ఎల్లిపోతంది ఇది ఎల్లిపోతంది అని ఏడిత్తే?" అంది. ఈవిడకి మిషన్ల గురించి ఏం తెలుసులే అనుకుని అన్నం కలుపుకున్నాను.

సెప్టెంబరు పదహారున బెడ్ పూర్తయింది. శ్వేత ఇరవై రోజులు గీకింది. డయానా లెవెల్ పెట్టి చూసింది. డయానా మా ఫ్యాక్టరీలో కొలతలు చూసే అమ్మాయి, బెల్డీ చర్చి క్వయిర్‌లో పాడుతుంది, అంకె తేడా వస్తే దేవుడు చెప్పినా ఒప్పుకోదు. ఆమె నోట "ఓకే" వచ్చాక శ్వేత రెండు దారులకీ నిండా నూనె పూసి, మైనపు కాగితం కప్పి ఇంటికి వచ్చింది.

మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజు జంషెడ్‌పూర్‌లో, ఆదిత్యపూర్‌లో, గమ్హరియాలో ఏ ఫ్యాక్టరీలోనూ చక్రం తిరగదు. గేటు దగ్గర దేవుడి బొమ్మ, పాటలు, ఖిచిడీ. పూజ అయ్యాక మర్నాటి దాకా ఏ పనిముట్టూ ముట్టకూడదు. నేనూ పైడమ్మా అందరికంటే ముందే వెళ్లాం. ఆ బెడ్‌కి నా చేత్తో బొట్టు పెట్టాలని నాకు మహా కోరిక. కాగితం తీశాను. నూనె మీద పసుపు నిలవలేదు. కిరసనాయిలు గుడ్డతో రెండు దారులూ ఈ చివర నుంచి ఆ చివరి దాకా శుభ్రంగా తుడిచాను. నీళ్లలో కలిపిన పసుపుతో జానెడుకొకటి చొప్పున బొట్లు పెట్టి, కుంకం అద్ది, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు బెడ్ మీద భక్తిగా చిలకరించాను. రెండు చేతులూ జోడించి, తండ్రీ, ఈ పిల్ల వెళ్లకుండా చూడు అని మొక్కుకున్నాను. తరవాత కడుపునిండా ఖిచిడీ తిని, దేవుడి బొమ్మ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాను.

మైనపు కాగితం మళ్లీ కప్పాను. నూనె పూయలేదు. పూజైన పనిముట్టుని ముట్టకూడదు కదా.

గురువారం పొద్దున్న డయానా ఆ కాగితం ఎత్తి, మళ్లీ కప్పేసి, మళ్లీ ఎత్తింది. అందరం వెళ్లి చూశాం. బొట్టు పెట్టిన ప్రతిచోటా గుండ్రంగా తుప్పు. కొబ్బరినీళ్లు జారిన దారంతా ఎర్రని చారలు. వానాకాలపు తేమకి రాత్రికి రాత్రే ఇనుము తినేసింది.

"యే కిస్‌నే కియా?" అంది డయానా, ఎవరు చేశారిది అని.

బెడ్ అంచున ఒక కొబ్బరి పీచు అంటుకుని ఉంది. దాని వంకే చూస్తూ, "నానే," అన్నాను. నలభై నాలుగేళ్లు ఇనుముతో బతికినవాణ్ణి, కొబ్బరినీళ్లు ఇనుముని ఏం చేస్తాయో తెలియనివాడిలా ప్రవర్తించాను. సత్యప్రసాద్ బాబు ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

శ్వేత వంగి వేలిగోరుతో చారల మీద రాసి చూసింది. "ఐదారు మైక్రాన్లు దిగిపోయింది. మచ్చ వరకే గీకితే గుంట పడుద్ది మావయ్య. రెండు దార్లూ మొత్తం ఆ లోతు దాకా గీకి దింపాలి."

"ఎన్నాళ్లు?"

"నా ఒక్కర్తికీ ఎనిమిది రోజులు. మనకి ఉన్నవి నాలుగే."

"పగలంతా సెయ్యి. నాను నీలం రాత్తాను," అన్నాను.

ఆమె లేచి నిలబడింది. నాతో ఎప్పుడూ గొంతు పెంచని పిల్ల, అప్పుడూ పెంచలేదు. "అమర్ భయ్యా చెయ్యగలడు. చెయ్యి ఉంది, చూపు ఉంది. బ్లేడు ఒక్కటే లేదు. ఒట్టు మీరు వేయించారు, మీరే తియ్యాలి. నాను తియ్యలేను."

"ఇన్నాళ్ల నుంచీ ఎల్లిపోవాలని అనుకుంటన్నావు కదా. ఆడికి సెప్పీవలసింది," అన్నాను, తప్పు ఎవరో ఒకరి మీద వేద్దామని.

"ఎలా చెప్తాను మావయ్య? మీ మీద ఒట్టు వేశాను. కోల్‌కతా ఇంటర్వ్యూలో కూడా చెప్పలేదు."

"ఇంటర్వ్యూలో ఏటి?"

అప్పుడు చెప్పింది. కోల్‌కతాలో జర్మన్ కంపెనీ వాళ్లు ఆమె ముందు ఒక ఇనప పలక, ఒక మొద్దుబారిన బ్లేడు పెట్టి పని చూపించమన్నారు. శ్వేత బ్లేడు తీసుకుని చక్రం దగ్గరికి వెళ్లి, వాళ్లకి వీపు పెట్టి గోడవైపు తిరిగి పదును పెట్టింది. ఎందుకలా తిరిగావని వాళ్లలో పెద్దాయన అడిగాడు. మా గురువుగారి మీద ఒట్టు ఉంది, చూపించకూడదు అంది. ఆయన తన సంచీలోంచి ఒక పుస్తకం తీసి, పేజీ తిప్పి ఆమె ముందు పెట్టాడు.

ఆ పుస్తకం శ్వేత బ్యాగులోనే ఉంది. నెలరోజులుగా రోజూ స్కూటీ మీద నా ముందే ప్రయాణం చేస్తోంది. "మీరు బాధపడతారని చూపించలేదు," అంటూ నా చేతిలో పెట్టింది. ఐటీఐలో చదివే పిల్లల పుస్తకంలా ఉంది. జర్మన్ నాకు రాదు, అంకెలు వచ్చు. బ్లేడు బొమ్మ, మొన వాలు ఇంత, అంచు వంపు ఇంత. పక్కనే ఒక కుర్రాడు పదును పెడుతున్న ఫోటో. వాడు కెమెరా వైపే తిరిగి ఉన్నాడు.

వాలు నాదే. వంపు కూడా నాదే. నలభై ఏళ్లు నేను ప్రాణంగా దాచుకున్నది వాళ్ల దేశంలో పదహారేళ్ల పిల్లలు మొదటి ఏడాదిలో చదువుకుంటున్నారు. ఎప్పుడో ఏ జర్మన్ మిషన్ బిగించడానికి వచ్చినవాడో మా గురువుగారికి దాన్ని ఒక్క పూటలో చూపించి ఉంటాడు. ఆ చూపించినవాడు గోడవైపు తిరిగి ఉండడు.

నాకు ముందు ఒళ్లు మండింది. తరవాత సిగ్గు ముంచుకొచ్చింది. ఆ తరవాత, ఎందుకో తెలీదు, నవ్వొచ్చింది. జర్మనీ వాళ్లకే వీపు చూపించి వచ్చిన ఈ పిల్లని తలుచుకుంటే నవ్వు ఆగలేదు. నేను నవ్వితే శ్వేతకి ధైర్యం వచ్చి తనూ నవ్వింది. సత్యప్రసాద్ బాబు స్టూలు మీద నుంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టీసినాను," అన్నాను. "ఆ చక్రం బీరువా ఎనకాల నుంచి బయటికి లాగండి. అందరికీ నువ్వే సూపించు."

నేను చూపించలేకపోయాను. ఆ పాటి ధైర్యం నాకింకా రాలేదు. చక్రాన్ని ఊడదీసి షెడ్డు నడిమధ్య పైకప్పు వెలుతురు పడే చోట బిగించారు. శ్వేత అమర్‌నీ డయానానీ చెరోపక్క నిలబెట్టుకుని మెల్లిగా బ్లేడు తిప్పుతూ చెప్పింది. డయానా కొలతలన్నీ రాసుకుంది. నేను నీలం పేస్టు డబ్బా మూత తీస్తూ, వేస్తూ దూరంగా నిలబడ్డాను.

అమర్ ఆ బ్లేడు బిగించుకుని బెడ్ మీదికి వంగి ఒకసారి తోశాడు. గరగరమనలేదు. పలచని పొట్టు లేచింది, ఇనుము మీద నున్నని మెరుపు మిగిలింది. ఇంకోసారి తోశాడు. ఇంకోసారి. తరవాత స్క్రేపర్ పక్కన పెట్టి, తిరిగి నా మొహంలోకి చూశాడు.

"చాచా, ఆప్‌కో మాలూమ్ థా?" అన్నాడు. ఇది మీకు ముందే తెలుసా అని.

అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. "తెలుసురా. నీ సేతుల్లో తప్పు లేదు. బ్లేడులో ఉంది. తెలిసే నిన్ను మూడేళ్లు తిట్టినాను. నాది తప్పు," అన్నాను. షెడ్డులో పదిమంది ఉన్నారు. గడ్డపార మాట అన్నది పదిమందిలోనే కాబట్టి ఈ మాట కూడా వాళ్లందరి ముందే అన్నాను.

అమర్ తన రెండు చేతుల వంక చూసుకున్నాడు. ఎప్పుడూ హిందీలోనే మాట్లాడేవాడు, బెడ్ వైపు తిరిగి తెలుగులో, "నీలం రాయండి," అన్నాడు. నేను రాశాను.

నాలుగు రోజులు అలాగే నడిచింది. ఒక దారి మీద శ్వేత, ఇంకో దారి మీద అమర్. మధ్యలో శ్వేత వచ్చి అమర్ దారి సరిచూసేది. డయానా చుక్కలు లెక్కపెట్టేది, శనివారానికి తను కూడా స్క్రేపర్ పట్టి ఒక మూల గీకింది. నేను రూలుకి నీలం రాయడం, గుడ్డలు ఉతకడం, టీలు తెప్పించడం చేశాను. ఇరవై ఏళ్ల వయసులో ఆరోగ్యస్వామి గారి దగ్గర చేసిన పనులే అరవై మూడో ఏట అమర్‌కి చేశాను. చెబితే నమ్మరు గాని, ఆ నాలుగు రోజులు నాకు బాగున్నాయి. వాడు మాత్రం నాతో పనికి కావలసిన మాట తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఆదివారం మధ్యాహ్నం డయానా లెవెల్ పెట్టి చూసి, తల ఊపి, చర్చికి టైమైందని వెళ్లిపోయింది. శ్వేత నూనె పూసింది. పైడమ్మ ఆ రోజు నన్ను ఫ్యాక్టరీకి కుంకం భరిణతో వెళ్లనివ్వలేదు.

సోమవారం పొద్దున్న స్కూటీ మీద వంతెన దాటుతుంటే శ్వేత అడిగింది. "మావయ్య, ఇంకా కోపమేనా?"

"నువ్వు ఎల్తన్నందుకు బాధే," అన్నాను. "కోపం మాత్రం నా మీదికి తిరిగీసింది. ఎల్లు. అక్కడ ఆళ్లు సూపించేటప్పుడు కళ్లింత సేసుకుని సూడు. ఒక్కటీ వదలకు."

"వాపస్ ఆవూంగీ మావయ్య. రెండేళ్లు అంతే."

"వత్తే మంచిదే. రాకపోయినా ఫోన్లో సెప్పు, మేం రాసుకుంటాం," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆమె వంతెన దిగాక హెల్మెట్ అద్దం ఎత్తి ఒకసారి కళ్లు తుడుచుకుంది.

ఢిల్లీ నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్లలో పెద్దాయన తలనెరిసిన మనిషి, పెద్దగా నవ్వడు. తమ లెవెల్ తామే తెచ్చుకుని మూడు గంటలు బెడ్‌ని కొలిచారు. డయానా వాళ్ల పక్కనే నిలబడి ఒక్కొక్క అంకెనీ తన పుస్తకంలో అంకెతో సరిచూసుకుంది. తేడా మీటరుకి మూడు మైక్రాన్ల లోపే వచ్చింది. ఆయన తృప్తిగా బెడ్ మీద ఒకసారి చెయ్యి వేసి, ఫారం తీశాడు.

"పద్నాలుగో ప్రశ్న ఖాళీగా వదిలేశారు," అన్నాడు హిందీలో. "ఈ పని తెలిసినవాళ్లు ఎంతమంది? ఈ అమ్మాయి నెలాఖరున విదేశం వెళ్తోందని విన్నాను. ఈమెని పంపే కాగితాల మీద మా ప్రభుత్వమే సంతకం పెట్టింది, నేను ఆపలేను. ఈమె వెళ్లాక ఇంకో పది బెడ్లు ఎవరు చేస్తారు? ఎవరన్నా చేసి చూపిస్తే రాసుకుంటాను."

అమర్ ముందుకు వచ్చాడు. పక్కనున్న పాత పలక మీద నీలం రుద్ది, స్క్రేపర్ తుంటికి ఆనించి పది నిమిషాలు గీకాడు. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు. బ్లేడు కొద్దిగా మొద్దుబారింది. అమర్ దాన్ని విప్పి, చక్రం దగ్గరికి వెళ్లబోయి ఆగాడు. నా దగ్గరికి వచ్చి ఆ బ్లేడు నా చేతిలో పెట్టాడు.

"చాచా, ఆప్ కీజియే," అన్నాడు. మీరు పెట్టండి అని.

నేను చక్రం స్విచ్ వేశాను. అది షెడ్డు నడిమధ్య ఉంది, చుట్టూ మనుషులు ఉన్నారు. అయినా బ్లేడు చేతిలోకి రాగానే నా ఒళ్లు నా మాట వినలేదు. నలభై ఏళ్ల అలవాటు. కాళ్లు వాటంతట అవే తిరిగాయి, నా వీపు అందరివైపు పెట్టి ఎక్కడో దూరంగా ఉన్న గోడకేసి నిలబడ్డాను. అలా నిలబడ్డానని నాకు తెలియను కూడా లేదు.

నా భుజం మీద ఒక చెయ్యి పడింది. అమర్ చెయ్యి. నాలుగు రోజులుగా నన్ను ముట్టుకోనివాడు, నా నొప్పి భుజాన్ని నొప్పి తెలియకుండా పట్టుకుని, మెల్లిగా నన్ను వెలుతురు వైపు తిప్పాడు.

నేను బ్లేడుని చక్రానికి ఆనించాను. వాలు ఎంతో పైకి చెప్పాను. వంపు కోసం మణికట్టు ఎలా తిప్పాలో ఆపి ఆపి చూపించాను. శ్వేత చూస్తోంది, అమర్ చూస్తున్నాడు, డయానా రాసుకుంటోంది. పక్క షెడ్డు నుంచి లేతు మిషన్ల వాళ్లు నలుగురు వచ్చి వెనక నిలబడ్డారు. టీ గ్లాసుతో వాచ్‌మన్ కూడా వచ్చాడు. పెద్దాయన ఫారం మీద పెన్ను పెట్టుకుని సత్యప్రసాద్ బాబు వైపు తిరిగి, "అయితే ఎంతమంది అని రాసుకోమంటారు?" అన్నాడు.

సత్యప్రసాద్ బాబు నా వంక చూశాడు.

"కూసింత ఆగమని సెప్పు బాబూ," అన్నాను. "ఇంకా సూత్తన్నారు."